జెర్స్ పల్లెలో పాత సామాన్ల సంత నుంచి ఊరి విందు దాకా: నా అనుభవం

మావారు ఫ్రాన్స్‌లోని టులూజ్ నగరంలో విమానాల కంపెనీలో ఇంజినీరు. నగరంలో అద్దె బరువైపోయింది, పిల్లలకి ఆడుకోవడానికి కాస్త తోట కూడా ఉంటే బాగుండుననిపించింది. అలా 2024 చివర్లో అక్కడికి పడమరగా, జెర్స్ జిల్లాలో ఒక పల్లెకి మారాం. జనాభా 400 లోపే. ఒక చర్చి, ఒక బడి, మెరీ అనే పంచాయతీ ఆఫీసు, దాని వెనకాల ఊరందరికీ ఒకే హాలు. కొట్టన్నది లేదు. మొదటి చలికాలం చాలా కష్టంగా గడిచింది. సాయంత్రం ఐదు దాటితే కిటికీలకి చెక్క తలుపులు పడిపోయేవి. బేకరీ వ్యాను వచ్చినప్పుడు నలుగురు కనిపిస్తే "బొంజూర్" అనేవాళ్లు, నేనూ "బొంజూర్" అనేదాన్ని, అంతే. ఏడాది తిరిగేసరికి అదే ఊళ్లో నాకు పేరు పెట్టి పిలిచేవాళ్లు ఉన్నారు. అదెలా జరిగిందో, ఎంత ఖర్చయిందో, ఎక్కడెక్కడ ఆగాల్సి వచ్చిందో వరసగా రాస్తున్నాను. ఫ్రాన్స్‌లో ఉన్న తెలుగువాళ్లు చాలామంది పల్లె సంతలకి వెళ్లి చూసి వచ్చేస్తుంటారు. మనమే అక్కడ బల్ల వేసుకుని కూర్చోవచ్చని చాలామందికి తెలియదు.

2025 మార్చి 4, మంగళవారం. మా అమ్మని వేసవికి పిలిపించుకోవడానికి మెరీలో ఆతిథ్య పత్రం తీసుకోవాలి. దానికి అప్పుడు 30 యూరోల స్టాంపు, ఇంటి కాగితాలు, జీతం కాగితాలు కావాల్సి వచ్చాయి. మా మెరీ వారానికి రెండు మధ్యాహ్నాలే తీస్తారు కాబట్టి ఆ పని మీద చాలాసేపు కూర్చోవాల్సి వచ్చింది. ఎదురుగా నోటీసు బోర్డు మీద పసుపుపచ్చ కాగితం ఉంది: మే 18 ఆదివారం, వీడ్-గ్రెనియే. అంటే ఊరి జనం ఇంట్లో పాత సామాను తెచ్చి వీధిలో పరిచి అమ్ముకునే సంత. అక్కడి ఉద్యోగిని "మీరూ పెట్టుకోవచ్చుగా మదామ్" అని డ్రాయర్‌లోంచి ఫారం తీసి ఇచ్చింది.

ఫారం ఒక పేజీయే. పేరు, చిరునామా, గుర్తింపు కార్డు వివరాలు. మాకైతే రెసిడెన్స్ కార్డు జెరాక్స్ సరిపోయింది. కింద ప్రమాణ పత్రం: నేను వ్యాపారిని కాను, అమ్మేవన్నీ నా సొంత పాత సామాన్లే, ఈ ఏడాది ఇలాంటి సంతల్లో రెండుసార్లకి మించి అమ్మలేదు అని రాసి సంతకం పెట్టాలి. ఆ రెండుసార్ల పరిమితి ఇక్కడ చట్టంలోనే ఉంది. ఆ రోజు అమ్మినవాళ్ల పేర్లన్నీ ఒక రిజిస్టరులో ఎక్కిస్తారు, సంత అయ్యాక 8 రోజుల్లోగా అది ప్రిఫెక్చర్‌కి, అంటే మన కలెక్టరాఫీసు లాంటి దానికి, చేరాలి. దొంగ సొత్తు అమ్ముడుపోకుండా ఈ ఏర్పాటు. కొత్త వస్తువులు పెట్టకూడదు. ఇంట్లో వండినవీ అమ్మకూడదు. నేను బజ్జీలు వేద్దామా అని ఆశపడ్డాను, అది కుదరదని అక్కడే తేలిపోయింది.

చోటు మీటరుకి 2 యూరోలు. బల్ల వెనకాల కారు ఉంచుకోవాలంటే కనీసం 6 మీటర్లు తీసుకోవాలి. 12 యూరోలకి చెక్కు రాసి, ఫారంతో పాటు ఈ సంత నడిపే ఊరి ఉత్సవ కమిటీ ప్రెసిడెంటు గారి ఇంటి పోస్టు డబ్బాలో వేశాను. మీకు చెక్కు పుస్తకం లేకపోతే బ్యాంకుని అడిగి తెప్పించుకోండి. పల్లెల్లో దాంతో చాలా పని ఉంటుంది, ఇలాంటి చోట కార్డు గీకే మిషను ఉండదు.

ఆ తర్వాత ఉలుకూ పలుకూ లేదు. వారాలు గడిచాయి. చెక్కు బ్యాంకులో వేయలేదు, ఫోను రాలేదు. బయటివాళ్లమని పక్కన పెట్టారేమోనని లోపల ఒకటే టెన్షన్. మావారు "వాళ్ల పద్ధతి అంతేలే" అనేవారు గానీ ఆయనకీ నమ్మకం లేదు. ఏప్రిల్ 17న సాయంత్రం ప్రెసిడెంటు గారే ఫోన్ చేశారు. మీ చోటు 43, చర్చి ఎదురుగా ప్లేన్ అనే పెద్ద నీడ చెట్ల కింద, ఉదయం ఆరున్నర లోపల రండి, బల్లలు మీవే తెచ్చుకోవాలి, ఇంతే. చెక్కులన్నీ సంత అయ్యాకే ఒకేసారి వేస్తారట. ఆ సంగతి ముందే తెలిసుంటే ఆరు వారాలు నిద్ర బాగా పట్టేది.

ఏం అమ్మాలో ఏరడానికి రెండు శని, ఆదివారాలు పట్టాయి. పిల్లల బట్టలు, బొమ్మలు, పుస్తకాలు, పసిపిల్లల తోపుడు బండి, చిన్న సైకిలు, ఊరి నుంచి తెచ్చిన పాత స్టీలు సామాను. పక్కింటి పెద్దావిడ గోడ మీంచి చూసి రెండు సలహాలు ఇచ్చింది. ఒకటి, ప్రతి వస్తువుకీ ధర చీటీ అంటించొద్దు. ధర అడగడానికైనా మనిషి ఆగుతాడు, ఆగితే మాట కలుస్తుంది. రెండు, చిల్లర. పది, ఇరవై యూరోల నోట్లతో వచ్చి అర యూరో పుస్తకం కొంటారు. మా బ్యాంకు బ్రాంచిలో చిల్లర ఇవ్వరు. బేకరీ వ్యాను ఆవిడ 40 యూరోలకి నాణేలు లెక్కబెట్టి ఇచ్చింది. ఆ డబ్బా లేకపోతే పొద్దుటి బేరాల్లో సగం పోయేవి.

మే 18. నాలుగున్నరకి లేచాం. ఆరింటికి ఊరి మొదట్లో ఫ్లోరసెంట్ జాకెట్టు వేసుకున్న కుర్రాడు కాగితం చూసి, రిజిస్టరులో టిక్కు పెట్టి లోపలికి వదిలాడు. మే నెలే అయినా చేతులు కొంకర్లు పోయే చలి. మేము కారు డిక్కీ ఎత్తామో లేదో, నుదుటికి లైట్లు కట్టుకున్న ముగ్గురు మగవాళ్లు వచ్చి డబ్బాల్లోకి వెలుగు వేసి చూడటం మొదలుపెట్టారు. నేను హడలిపోయాను. వాళ్లు పాత వస్తువుల వ్యాపారులట. జనం రాకముందే తిరిగి, రాగి పాత్రలు, గడియారాలు, పాత పనిముట్లు, వెండి చెంచాలు ఏరుకుంటారు. "నగలు ఉన్నాయా? నాణేలు? కత్తులు?" అని మూడు మాటల్లో అడిగి, లేవంటే వెళ్లిపోతారు. నా పక్క చోటు 44లో ఒక ముసలాయన దగ్గర ఇనుప పనిముట్ల పెట్టె మొత్తం 15 యూరోలకి తీసుకున్నారు. ఎనిమిదింటికి అందులోని ఒక్క బరమా నాలుగు బల్లల అవతల 25కి పెట్టి ఉంది. ఆ ముసలాయన దాన్ని చూసి "ఆ పెట్టె మోయలేక మూడేళ్లుగా కొట్టంలో పడేశాను, పోయిందే చాలు" అన్నాడు. మీకలా అనిపించకపోతే, వెలుతురు వచ్చేదాకా మంచి వస్తువులు బయటికి తీయకండి. అడిగితే "ఇంకా సర్దలేదు, తర్వాత రండి" అంటే చాలు, ఎవరూ ఏమీ అనుకోరు.

ఏడున్నరకి చర్చి గంట మోగింది, కమిటీ వాళ్లు కాఫీ అమ్మడం మొదలుపెట్టారు. కప్పు 1 యూరో, గట్టి ప్లాస్టిక్ గ్లాసుకి ఇంకో యూరో డిపాజిట్. గ్లాసు తిరిగిస్తే ఆ యూరో వెనక్కి ఇస్తారు. తొమ్మిదింటికి హాలు పక్కన పెద్ద పెనం మీద గుడ్లు, పంది మాంసం ముక్కలు వేయించి, రొట్టెతో, ఎర్ర వైనుతో ఫలహారం. అంత పొద్దున్నే వైను తాగడం నేనెక్కడా చూడలేదు. ఇక్కడ పొలం పనులకి వెళ్లేవాళ్ల పాత అలవాటట అది. మావారు గుడ్లు రొట్టె తిని వచ్చారు, 7 యూరోలు.

బేరం గురించి ఒక మాట. మన దగ్గర చెప్పిన ధరలో సగం నుంచి మొదలుపెడతాం. ఇక్కడ అలా అడిగితే ముఖం మాడ్చుకుంటారు. ముందు బొంజూర్ అనాలి, ఇది ముఖ్యం. అది అనకుండా వస్తువు ఎత్తి "ఎంత?" అంటే జవాబు కూడా పొడిగా వస్తుంది. తర్వాత "ధర ఏమైనా చూస్తారా?" అని అడగాలి. పది చెప్తే ఎనిమిదికి ఇస్తారు, రెండు మూడు కలిపి కొంటే ఇంకా తగ్గిస్తారు. ఒక యూరో వస్తువుకి బేరం ఆడరు. ఒకావిడ మాత్రం మా అమ్మాయి మొదటి పుట్టినరోజు గౌను ఎత్తి 20 సెంట్లు ఇస్తానంది. మనసు చివుక్కుమంది. ఇవ్వనని చెప్పి మడిచి సంచిలో పెట్టేశాను, అది ఇంక ఎవరికీ చూపించలేదు.

తోపుడు బండికి 25 అనుకున్నాను. పదకొండింటప్పుడు ఒక యువ జంట వచ్చింది. ఆ అమ్మాయికి ఏడో నెల ఉంటుందేమో. బండిని ముందుకీ వెనక్కీ తోసి చూసి, చక్రాల బ్రేకు నొక్కి చూసి, ఇద్దరూ చాటుగా పర్సులో డబ్బు లెక్కబెట్టుకున్నారు. 15కి ఇచ్చేశాను, పైగా కింద అరలో దుప్పటి కూడా పెట్టాను. వాళ్లు బండిలో మా పుస్తకాలు, వాళ్లు కొన్న దీపం పెట్టుకుని తోసుకుంటూ వెళ్తుంటే చాలాసేపు అటే చూశాను. మా ఇద్దరు పిల్లలూ పెరిగిన బండి అది. నాలుగు గిన్నెల స్టీలు క్యారేజీని ఒక ద్రాక్ష రైతు 10 యూరోలకి కొన్నాడు. ఆయన చిన్నప్పుడు తోటలోకి అల్యూమినియం గిన్నెలో సూపు పట్టుకెళ్లేవాడట, ఇది నాలుగంతస్తులుగా ఉందని తెగ మురిసిపోయాడు. పక్క గొళ్లెం ఎలా వేయాలో మా అబ్బాయి ఆయనకి చూపించాడు. మా అమ్మాయికి తొమ్మిదేళ్లు. తన బొమ్మలు తనే ఒక దుప్పటి మీద పరుచుకుని అమ్మింది. బడిలో ఏడాదంతా నేర్చుకున్న దానికంటే ఆ ఒక్క రోజులో ఎక్కువ ఫ్రెంచి మాట్లాడిందని చెప్పగలను.

మధ్యాహ్నం భోజనాల వేళ వీధి ఖాళీ అయిపోతుంది. పన్నెండున్నర నుంచి రెండింటి దాకా కొనేవాడు ఉండడు. అమ్మేవాళ్లందరూ బల్లల మీదే గుడ్డ పరిచి తింటారు. మనం వస్తువులు కొనడానికి అది మంచి సమయం, అమ్మేవాళ్లు తీరిగ్గా ఉంటారు, ప్రతి వస్తువుకీ కథ చెప్తారు. నేను అప్పుడే బయల్దేరాను.

నాకు దొరికినవి ఇవి. దోసెలకి పోత ఇనుప క్రేప్ పెనం (క్రేప్ అంటే ఇక్కడి పల్చటి అట్టు), 6 యూరోలు. పోత ఇనుము కొనేముందు వేలితో కొట్టి వినాలి, కుండ కొనేటప్పుడు మన అమ్మమ్మలు చేసినట్టు. గణగణమంటే మంచిది, బొంగురుగా ఉంటే ఎక్కడో పగులు ఉన్నట్టు. తుప్పుకి భయపడక్కర్లేదు, ఉప్పు వేసి రుద్ది, నూనె రాసి రెండుసార్లు కాలిస్తే పోతుంది. తర్వాత లె పార్ఫే కంపెనీ గాజు జాడీలు, ఒక్కోటి 1 యూరో. తీగ క్లిప్పుతో మూత బిగుస్తుంది, మధ్యలో నారింజ రంగు రబ్బరు రింగు. రబ్బరు పాతదైతే పారేయండి, కొత్తవి వేసవిలో ఏ సూపర్‌మార్కెట్లో అయినా దొరుకుతాయి. జాడీ అంచు మీద వేలు తిప్పి పెచ్చు లేకుండా ఉందో లేదో మాత్రం చూసుకోవాలి.

అన్నిటికంటే నాకు ముద్దొచ్చింది ప్యూజో కాఫీ మర. అవును, కార్ల ప్యూజోయే. కార్లకంటే ముందు, 1840 నుంచే వాళ్లు కాఫీ మరలు చేశారు. జానెడు చెక్క పెట్టె, పైన చిన్న గిన్నె, చేత్తో తిప్పే పిడి, కింద పొడి పడే బుల్లి సొరుగు. ముందువైపు చిన్న ఇత్తడి పలక, అక్షరాలు సగం అరిగిపోయాయి. సొరుగు లాగితే పాత కాఫీ వాసన ఇంకా ఉంది. అమ్ముతున్న పెద్దావిడే చూపించింది: పిడి కింద ఉన్న నట్టు బిగిస్తే పొడి సన్నగా, వదులు చేస్తే బరకగా వస్తుంది. చెక్కలో చిన్న చిన్న పురుగు రంధ్రాలు ఉన్నాయి. వాటి చుట్టూ తాజా చెక్క పొడి రాలుతుంటే కొనకూడదు, పురుగు ఇంకా లోపల ఉన్నట్టు. ఇందులో పొడి లేదు. 15 చెప్పింది, 12కి ఇచ్చింది. ఆవపిండికి కొంటున్నానని చెప్పలేదు, ఏమనుకుంటుందోనని మొహమాటపడ్డాను.

నాలుగు దాటాక బల్లలన్నిటి మీదా "అన్నీ ఒక యూరో" చీటీలు వచ్చాయి. మాకు మొత్తం 143 యూరోలు వచ్చాయి. చోటు, కాఫీలు, తిండి, నేను కొన్నవి పోను దాదాపు సగం మిగిలింది. డబ్బు కోసమే అయితే చాకిరీ ఎక్కువే. అమ్ముడుపోనివి అక్కడ వదిలేయకూడదు, ప్రతి ఒక్కరూ తమ చోటు ఊడ్చి వెళ్లాలి.

ఇక్కడే మాకు తలుపు తెరుచుకుంది. మా సామాను కారులో వేసేశాక, కమిటీ వాళ్లు నలుగురే బల్లలు మోస్తూ కనిపించారు, అందరూ అరవై దాటినవాళ్లు. మావారు, నేను వెళ్లి ఓ చెయ్యి వేశాం. గంటసేపు బల్లలు మోశాం, కాగితాలు ఏరాం. చివర్లో ప్రెసిడెంటు గారు గ్లాసుల్లో చల్లటి ఫ్లోక్, అంటే ఇక్కడి తియ్యటి ద్రాక్ష మద్యం, పోసి, ఆగస్టు పండగకి బల్లలు వేయడానికి మనుషులు కావాలి, వస్తారా అని అడిగారు. పోస్టరు చూసి టికెట్ కొనుక్కుని వెళ్తే బాగా తిని రావచ్చు. పని ఒప్పుకుని వెళ్తే వాళ్లలో ఒకరవుతాం. ఇది రాయడంలో నేను గట్టిగా చెప్పదలచుకున్న సంగతి ఇదే.

జులై 10న అమ్మ తెనాలి నుంచి వచ్చింది. టులూజ్‌లో పచ్చి మామిడికాయలు దొరికాయి, ఖరీదెక్కువే. ప్యూజో మరలో ఆవాలు పోసి అమ్మ పిడి తిప్పుతుంటే వంటిల్లంతా ఘాటు. మిక్సీలో వేస్తే వేడెక్కి చేదెక్కుతుందని అమ్మ ఎప్పుడూ అంటుంది, ఇందులో పిండి చల్లగా దిగింది. లె పార్ఫే జాడీల్లో ఆవకాయ పెట్టాం.

ఊరి పండగ ఆగస్టు 15 నుంచి 17 దాకా. శనివారం రాత్రి విందు టికెట్లు ఆగస్టు 8 లోపల తీసుకోవాలి, ఆ తర్వాత ఎంత బతిమాలినా ఇవ్వరు, ఎందుకంటే బాతు మాంసం లెక్కకి చెప్పేస్తారు. పెద్దలకి 20 యూరోలు, పిల్లలకి 8, వైను అందులోనే. పోస్టరు కింద ఒక లైను ఉంటుంది, అది చదవకపోతే ఇబ్బంది పడతారు: కంచాలు, చెంచాలు, గ్లాసులు ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలి.

అమ్మ మాంసం, గుడ్డు ముట్టదు. జెర్స్ అంటే బాతుల దేశం. ఇక్కడ బంగాళదుంప కూడా బాతు కొవ్వులోనే వేగుతుంది, సలాడ్లో కూడా మాంసం ముక్కలు పడతాయి. టికెట్ల దగ్గర కూర్చున్నావిడకి ఈ సంగతి చెప్పాను. "ఆమ్లెట్ వేస్తాం" అంది. గుడ్డు కూడా తినదంటే కాసేపు పెన్ను బుగ్గన పెట్టుకుని ఆలోచించి, అయితే ఆమెకి పిల్లల టికెట్ చాలు, మిగతాది నాకు వదిలెయ్ అంది. మాంసం తినని వాళ్లుంటే టికెట్ కొనేటప్పుడే చెప్పండి. ఆ రాత్రి బల్ల దగ్గర చెప్తే ఎవరూ ఏమీ చేయలేరు. మా అయిదుగురికీ కలిపి 64 యూరోలు అయింది.

15న సెలవు. ఎండ మండిపోతోంది. మధ్యాహ్నం మూడింటికే పిలిచారు. పక్క ఊళ్ల కమిటీలు ఇచ్చిన బల్లలు ట్రాక్టరు ట్రాలీలో వచ్చాయి, వచ్చే నెల వాళ్ల పండక్కి ఇవి అటు వెళ్తాయట. ప్లేన్ చెట్ల కింద వరసలుగా వేసి, కాగితం చుట్ట విప్పుకుంటూ పోయి అంచులకి స్టేపుల్ చేశాం. మర్నాడు నా వంతు పుచ్చకాయలు కోయడమేమో అనుకున్నాను, తీరా చూస్తే కర్బూజాల్లాంటి చిన్న మెలన్లు. ఒక్కోటి రెండు ముక్కలు చేసి గింజలు తీయాలి. ఎనిమిది మంది ఆడవాళ్లం చుట్టూ కూర్చున్నాం, ఇంకో వైపు వెల్లుల్లి ఒలుస్తున్నారు. చలికాలమంతా కిటికీ తలుపుల వెనక ఉన్నది ఈ మనుషులేనా అనిపించింది. ఎవరి కోడలు ఎవరు, ఎవరి పొలం అమ్మకానికి ఉంది, ఏ డాక్టరు రిటైరవుతున్నాడు, అన్నీ అక్కడే తెలిశాయి. నేను తప్పు మాట్లాడితే సరిచేసి, మళ్లీ నాతో అనిపించారు.

టికెట్ మీద ఎనిమిది అని ఉంటుంది. ఎనిమిదింటికి వెళ్లి ఆకలితో కూర్చోకండి, పిల్లలకి ముందే ఏదైనా పెట్టి తీసుకెళ్లండి. మొదటి గంటన్నర నిలబడి తాగడం, పలకరించుకోవడమే. మా జెర్స్ వైపు పలకరింపంటే చెరో చెంపకీ ఒకటి, మొత్తం రెండు ముద్దులు. అమ్మ మాత్రం రెండు చేతులూ జోడించింది. రెండు నిమిషాల్లో బల్ల ఆ చివరి నుంచి ఈ చివరిదాకా అందరూ ఆమెకి చేతులు జోడించడం మొదలుపెట్టారు.

తొమ్మిదిన్నరకి వెల్లుల్లి సూపు వచ్చింది. పెద్ద గిన్నెలు బల్ల మీద పెడతారు, పక్కవాళ్లకి వడ్డించి మనం వడ్డించుకోవాలి. నా ఎదుటి పెద్దాయన సూపు అడుగున కాస్త ఉండగా అందులో ఎర్ర వైను పోసి, కంచాన్ని రెండు చేతులా ఎత్తి తాగేశాడు. అది ఇక్కడి పాత మర్యాద, పిల్లలు కూడా ఆయన్ని చూసి చప్పట్లు కొట్టారు. తర్వాత ఫ్లోక్ పోసిన మెలన్. పదిన్నరకి అసలు వంటకం. ద్రాక్ష తీగలు ఎండబెట్టి కట్టలు కట్టి ఉంచుతారు, వాటి నిప్పు మీద బాతు రొమ్ము మాంసం, మాగ్రే, వరసలు వరసలుగా కాల్చారు. పొగ వాసన చొక్కాల్లో రెండు రోజులు ఉంది. మాంసం కోయడానికి ఎవరికి వాళ్లు జేబులోంచి మడత కత్తి తీశారు. మా దగ్గర ఉన్న ఇంటి కత్తి తెగకపోతే ఎదుటాయన తనది తుడిచి ఇచ్చాడు.

అమ్మ దగ్గరికి టికెట్లావిడ స్వయంగా వచ్చింది. వేరే పెనంలో పొద్దుతిరుగుడు నూనెతో వేయించిన బంగాళదుంపలు, టమాటా ముక్కలు, వైను పోయని మెలన్. ఎవరి కంచం వాళ్లు తెచ్చుకునే విందు కాబట్టి అమ్మ స్టీలు కంచం, పెరుగన్నం డబ్బా, ఆవకాయ జాడీ ఎవరికీ వింతగా లేవు. అసలు జాడీని చూసి అందరూ గుర్తుపట్టారు, లోపలున్నదే కొత్త. నా పక్కావిడ రొట్టె మీద మేక పాల చీజు, దాని మీద ఆవకాయ కాస్త రాసుకుంది. కళ్లు చెమ్మగిల్లాయి, అయినా ఇంకో ముక్క చేసుకుంది. ఏ నూనె, ఎన్నాళ్లు ఆగుతుంది, ఆవాలు ఎలా దంచారు అని ఒకటే ప్రశ్నలు. అప్పుడు చెప్పాను, ఇదే ఊళ్లో సంతలో కొన్న మరలో అని. మర అమ్మిన పెద్దావిడ రెండు బల్లల అవతలే ఉంది. పిలుచుకొచ్చారు. ఆ మర వాళ్ల నాయనమ్మదట. యుద్ధం రోజుల్లో కాఫీ దొరకనప్పుడు వేయించిన బార్లీ, చికోరీ వేరు అందులోనే విసిరేవారట. ఆవిడ అమ్మ పక్కన కూర్చుని, ఎంత బిగించావు అన్నట్టు వేళ్లతో తిప్పి చూపించింది. అమ్మ కూడా వేళ్లతోనే చెప్పింది. నేను మధ్యలో అనువాదం చేయాల్సిన పని పడలేదు.

పొరల ఆపిల్ పిండివంటలో ఆర్మాన్యాక్ సారా పడుతుంది కాబట్టి అమ్మకి బదులుగా పీచ్ పండ్లు తెచ్చారు. అప్పటికి అర్ధరాత్రి. పిల్లలు రెండు కుర్చీలు జరుపుకుని నిద్రపోయారు, ఆగస్టు అయినా రాత్రికి స్వెట్టరు, దుప్పటి ఉండాలి. ఇత్తడి బాకాల బ్యాండు మొదలైంది. ఒక పాటకి కుర్రాళ్లందరూ నేల మీద ఒకరి వెనక ఒకరు పొడుగ్గా కూర్చుంటారు, ఒకరిని ఎత్తి తలల మీదుగా చేతులతో ఆ చివరిదాకా దాటిస్తారు. మావారినీ అలా దాటించారు. చెప్పులు ఒక చోట, మనిషి ఒక చోట దిగారు. మేం ఇంటికి చేరేసరికి రెండు.

ఆదివారం ఉదయం చర్చిలో పూజ, తర్వాత యుద్ధాల్లో చనిపోయిన వాళ్ల స్మారక స్తంభం దగ్గర పూలు. మేయరు పేర్లు ఒక్కొక్కటే చదివారు. రాత్రి నాకు కత్తి ఇచ్చినాయన ఇంటిపేరు ఆ 1914-1918 జాబితాలో మూడుసార్లు వచ్చింది. తర్వాత మెరీ తరఫున అందరికీ ఉచితంగా పానీయాలు. ఆపైన మళ్లీ బల్లలు ఎత్తడం, ఊడవడం, దానికి మాత్రం పదిమందే వచ్చారు.

సెప్టెంబరు 28న పనిచేసిన వాళ్లకి కమిటీ ఖర్చుతో భోజనం పెట్టారు. అడగకపోయినా పులిహోర చేసి తీసుకెళ్లాను, గిన్నె ఖాళీగా వచ్చింది. నవంబరు 14, శుక్రవారం కమిటీ సర్వసభ్య సమావేశం. ప్రతి పైసా గట్టిగా చదివి వినిపించారు: సంతలో చోట్ల ఆదాయం, కాఫీ ఆదాయం, బాతుల బిల్లు, బ్యాండు ఖర్చు, బీమా, చివరికి పాటలు వాయించినందుకు సాసెమ్ అనే సంస్థకి కట్టే హక్కుల రుసుము కూడా. అంత శ్రమకీ మిగిలింది తక్కువే, అదీ వచ్చే ఏడు బ్యాండుకి అడ్వాన్సు కింద పోతుంది. ఫారాలు చూసే పెద్దాయనకి చూపు మందగించింది. ఆ పని ఎవరు చేస్తారని అడిగితే మెలన్లు కోసిన ఆడవాళ్లందరూ నావైపు చూశారు. చేతులెత్తి ఓటు వేశారు, ఎవరూ కాదనలేదు.

2026 సంత మే 17, ఆదివారం. ఫారాలు మార్చి నుంచి ఇస్తాను. ఫారం అందిందని వారంలోపు ప్రతి ఒక్కరికీ ఫోన్ చేయాలని కమిటీని ఒప్పించాను, అది నా మొదటి తీర్మానం. చెట్ల నీడ చోట్లు ముందు అడిగినవాళ్లకే. బల్ల, చిల్లర డబ్బా మీవే తెచ్చుకోవాలి.